కిష్టప్ప జేబులోని ఫ్యూజు

కర్దనూరు కిష్టప్ప యాభై రెండేళ్ల వయసులో నోటుబుక్కు కొన్నాడంటే ఆయన భార్య లక్ష్మీనరసమ్మ మొదట నమ్మలేదు. హాజరు పట్టీలో సంతకానికి తప్ప పెన్ను ముట్టని మనిషి, పొద్దున్నే ఇంటి ముందు కూర్చుని "బియా అంటే రా, అబియాలా అంటే రాకు" అని గొణుక్కుంటుంటే ఆమెకు భయమే వేసింది.

"ఏం మాటలయ్యా గవి?"

"ఇగ్బో. ఆఫ్రికాల నైజీరియా లేదా, అండ్ల ఒక దిక్కు గిదే మాట్లాడ్తరు."

"నీకెందుకు గది?"

"మిషన్ పోతుంది. దాని ఎన్క నేను పోవాలె."

పటాన్‌చెరులో బియ్యం మిల్లుల యంత్రాలు తయారుచేసే షెడ్డులో కిష్టప్ప ఇరవై ఆరేళ్లుగా ఫిట్టరు. ఈసారి యంత్రం అబకలికి అనే ఊరికి అమ్ముడుపోయింది. అక్కడ దాన్ని నడపబోయే ఇఫెయోమా అనే ఆవిడ ఆరు వారాల శిక్షణకు వచ్చి, పటేల్‌గూడలో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నలభై దాటిన మనిషి, మాటకు ముందు నవ్వు. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, కిష్టప్పకు రాదు. అక్కడ ఆమె కింద పనిచేసే పన్నెండు మందికి ఇగ్బో తప్ప ఇంకోటి రాదట.

"ఫోన్ల ట్రాన్స్‌లేషన్ ఉంటది కిష్టప్పా, పరేషాన్ గాకు" అన్నాడు మేనేజరు హరినాథ్.

ఆయనకేం, చేతులు కడుక్కుని కూర్చునే ఉద్యోగం. తిరిగే రోలర్ల మధ్యకు ఎవడైనా చెయ్యి పోనిస్తుంటే ఫోను తీసి టైపు చేస్తూ కూర్చుంటామా? కిష్టప్ప ఆ మాట పైకి అనలేదు. ఐదేళ్ల క్రితం ఒడిశాలో మిల్లు బిగించడానికి వెళ్లినప్పుడు బిశ్వనాథ్ అనే పనివాడి రెండు వేళ్లు పోయాయి. "భాష రాక గట్ల అయింది సార్" అని కంపెనీకి చెప్పాడు. ఇంట్లోనూ అదే చెప్పాడు. అప్పటినుంచి బయటి పని అనగానే ఆయనకు అన్నం సహించదు.

అందుకే ఇఫెయోమాను బతిమాలుకున్నాడు. రోజూ అన్నాలు తిన్నాక అరగంట పాఠం. మొదట్లో హరినాథ్ మధ్యలో ఉండి చెప్పాడు. తర్వాత సైగలతోనే నడిచిపోయింది. ఆయన, ఆమె, అది, అన్నిటికీ ఇగ్బోలో 'ఓ' ఒక్కటే. "అంటే మా అమ్మకు, నీ మిషన్‌కు ఒకటే మాటనా?" అని లక్ష్మీనరసమ్మ మూతి తిప్పింది. మన మాటలో క్రియ చివరికి వచ్చి కూర్చుంటుంది, వాళ్లకు మధ్యలోనే వచ్చేస్తుంది. 'నేను తింటున్నా అన్నం' అన్నట్టు. మర్యాదకని 'మీరు' అనబోయి పదిమందిని పిలిచే మాట వాడితే, ఇఫెయోమా ఇంకెవరున్నారా అని వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎంత పెద్దవారికైనా 'నువ్వే'నట. కిష్టప్పకు అలా పిలవడానికి నోరు తిరిగేసరికి వారం పట్టింది.

అసలు గుబులంతా స్వరంతో వచ్చింది. 'ఆక్వా' అనే ఒక్క మాటే గొంతు లేచే తీరును బట్టి ఏడుపు, గుడ్డు, బట్ట, మంచం అవుతుందని ఆమె బొమ్మలు గీసి చూపించింది. కంగారులో మనిషి గొంతు సరిగ్గా లేస్తుందా? 'తిన్యె ఆకా' అంటే చెయ్యి పెట్టు. 'ఎతిన్యెలా ఆకా' అంటే చెయ్యి పెట్టకు. పైకి గీతలు, కిందికి గీతలు గీసి ఆ ఒక్క వాక్యాన్ని నాలుగు పేజీలు రాసుకున్నాడు.

ఆ షెడ్డులో పాతకాపులకు ఒక అలవాటుంది. యంత్రం ఆపి పక్కకు వెళ్లేటప్పుడు దాని ప్యానెల్లోంచి తెల్ల పింగాణి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటారు. ఫ్యూజు తన జేబులో ఉన్నంతసేపూ ఆ యంత్రాన్ని ఎవరూ తిప్పలేరు. ఎవరూ ఎవరికీ చెప్పరు, చూసి నేర్చుకుంటారు. చెప్పాల్సిన విషయమని కిష్టప్పకు తోచలేదు కనుక ఇఫెయోమాకు చెప్పనూ లేదు.

యంత్రాన్ని పంపడానికి పెట్టెల్లో సర్దే ముందు శనివారం ఆఖరి ట్రయల్. పొట్టు తీసే రోలర్లు ఆపి ఉండగా హరినాథ్ ఆఫీసు గదిలోంచి కేకేశాడు. "కిష్టప్పా, జల్దీ రా! మిల్లు ఓనరు వీడియోల ఉన్నడు, నీ ఇగ్బో ఇంటడట!"

నాలుగు వాక్యాలు మనసులో వల్లించుకుంటూ కిష్టప్ప పరుగెత్తాడు. ఫోను ముందు నిలబడి నమస్కారం చెప్పాడు, తన పేరు చెప్పాడు. తెరమీద మనిషి చప్పట్లు కొట్టాడు. కిష్టప్ప సిగ్గుపడి తల తిప్పి గాజు పలకలోంచి షెడ్డు వైపు చూశాడు.

ఇఫెయోమా ఇరుక్కున్న వడ్లు తీయడానికి రోలర్ల మధ్యకు మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉంది. వెనకవైపు ప్యానెల్ దగ్గర ఎలక్ట్రీషియన్ రాజేశం వైర్లు చూస్తున్నాడు. అక్కడినుంచి అతనికి ఆమె కనపడదు. కిష్టప్ప చెయ్యి జేబు మీదకు పోయింది. జేబు ఖాళీ.

"ఎతిన్యెలా ఆకా!" అని అరుస్తూ ఉరికాడు. పక్కన రెండు గ్రైండర్లు నడుస్తున్నాయి. ఆ మోతలో ఆయన అరుపు ఆయనకే వినపడలేదు. ఏ భాషలో అరిచినా అంతే. గోడకున్న మెయిన్ స్విచ్చు పిడిని రెండు చేతులతో కిందికి లాగేశాడు.

షెడ్డంతా చీకటై మూగబోయింది. అప్పుడు వినపడింది ఆయన అరుపు, ఇంకా ఆగకుండా.

"ఏందే కిష్టన్నా, కరెంటు దీసినవ్? నేను బటన్ ఒత్తేసరికే పాయె" అన్నాడు రాజేశం వెనకనుంచి.

ఇఫెయోమా చెయ్యి మెల్లగా బయటికి తీసి, వేళ్లు ముడిచి ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. హరినాథ్ పరుగున వచ్చి ఎందుకు పెట్టావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పిన జవాబును ఆయన తెలుగులో చెప్పాడు. "నువ్వు పక్కకు పోయినప్పుడు ఈ మిషన్ ఎన్నడూ తిరగలేదట గదా కిష్టప్పా. అందుకే ధైర్యంగ పెట్టిందట."

కిష్టప్ప ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఒడిశాల గూడ గిట్లనే అయింది సార్."

"భాష రాక అంటివి గదా?"

"భాష గాదు. బిశ్వా సూరత్‌ల పని చేసి వచ్చినోడు, హిందీ మంచిగొస్తది. అన్నం తినెతందుకు పిలిస్తే పోయిన. ఫ్యూజు పీకలే." ఖాళీ జేబు తడుముకున్నాడు. "అందరికీ చెప్పి చెప్పి నేను గూడ గదే నమ్మిన."

కిష్టప్ప లేచి, ప్యానెల్లోంచి ఫ్యూజు పీకి ఇఫెయోమా అరచేతిలో పెట్టి, వేళ్లు మూయించి, తన జేబు చూపించాడు. ఆమెకు అర్థమైంది. దాన్ని తన చొక్కా జేబులో వేసుకుని పైనుంచి చేత్తో గట్టిగా అదుముకుంది.

తర్వాత ఆయన షెడ్డు వెనక రేకుల నీడకు వెళ్లి ఫోను తీశాడు. ఐదేళ్లుగా ఉన్న నంబరు, ఒక్కసారీ నొక్కనిది. ఈ మాటకు నోటుబుక్కు అక్కర్లేదు. అవతల ఎత్తారు.

"హలో, బిశ్వా? మై కిష్టప్ప, పటాన్‌చెరు సే." ఇన్నాళ్లూ భాష మీదికి నెట్టిన తప్పును కిష్టప్ప తన మీద వేసుకున్నాడు. "ఉస్ దిన్ గల్తీ మేరీ థీ."