పురుగులు కావు, పిల్లలే

బిక్షమ్మ కండ్ల గురించి కేతేపల్లి దిక్కు చెప్పే ముచ్చట్లన్నీ నమ్మితే మనిషి ఆగమైపోతడు. ఆమె గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే, కలుపు మొక్కలు తమంతట తామే వేర్లు పీక్కొని ఒడ్డుకొచ్చి కూసునేవట. సగం అబద్ధమనే అనుకుందాం. మిగిలిన సగమే చాలు. ముప్పై ఏండ్లు పరాయి మడుల్ల నడుము వంచిన మనిషి. వరి నడుమ ఊదగడ్డి మొలిస్తే పొలం ఆసామి కూడా పోల్చలేడు, రెండూ కవలపిల్లల్లెక్క ఉంటయి. బిక్షమ్మ మాత్రం ఆకు కాడను కలిసే చోట చూస్తది. వరికి అక్కడ చిన్న నాలుక ఉంటది, ఊదకు ఉండదు. ఆమె చేతిల ఒక్క వరి మొక్క పొరపాటున చచ్చిందని ఎవ్వరూ అనలే.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేండ్లకు మోకాళ్లు మొరాయించినయి. నార్కట్‌పల్లి రోడ్డు మీద శివకృష్ణ పెట్టిన రంగుచేపల దుకాణంల అద్దాల తొట్లు కడిగే పనికి కుదిరింది. శివకృష్ణకు ముప్పై ఏండ్లుంటయి. డిగ్రీ చదివిండు, ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు యాది చేస్తడు. ఒకసారి హైదరాబాద్ నుంచి ఆరు ఎర్ర రొయ్యలు తెచ్చిండు. కూరొండుకునేటివి కావు. గోరంత పొడుగు, పండు మిరపకాయ రంగు, చూసుకోను పెంచుకునేటివి. అవి దాక్కోనికి ఉంటదని కాలువ నుంచి ఇంత నాచు తెచ్చి తొట్టిల ఏసిండు.

అందుల ఒకదాని పొట్ట కింద పసుపుపచ్చ గుడ్లు గుత్తిగ కనబడ్డయి బిక్షమ్మకు. చంటిపిల్లకు విసనకర్ర ఊపినట్టు, కాళ్లతోటి వాటికి విసురుకుంట తిరుగుతున్నది ఆ తల్లి. నెల నిండకముందే ఒక పొద్దున గుత్తి మాయమైంది. నాచు నిండా నువ్వుగింజల సగం కూడా లేని చుక్కలు కదులుతున్నయి.

శివకృష్ణ వంగి చూసి మొఖం ముడిచిండు. "పురుగులు పడ్డయ్. పెద్ద రొయ్యలను నేను తీస్త, నువ్వు గా బ్లీచింగ్ పొడి ఏసి తొట్టి కడిగెయ్ బిక్షమ్మా."

"పురుగులు గావు సేటు. పిల్లలు."

"పిల్లలా? చెరువుల్ల రొయ్యలు పోసేటోళ్లను అడిగిన నేను. రొయ్య పిల్ల పుట్టి బతకాల్నంటే ఉప్పునీళ్లు గావాలె. అందుకే పిల్లలను సముద్రం దిక్కు నుంచి లారీలల్ల తెస్తరు. నల్లగొండల సముద్రం ఏడున్నది? నువ్వేమన్న దాచిపెట్టినవా?"

ఆయన చెప్పింది ఉత్తమాట కాదు. చెరువుల పెరిగే పెద్ద రొయ్యకు అట్లనే గావాలె. ఆ లెక్కనే ఈ ఎర్రదానికీ అంటగట్టిండు. ఇది తల్లి పొట్ట కిందనే నిండు రూపం తెచ్చుకొని మంచినీళ్లల్లనే పుడతదని ఆయనకు తెల్వదు. బిక్షమ్మకూ తెల్వదు. ఆమెకు తెలిసింది కండ్ల ముందట ఉన్నదే.

"సముద్రం సంగతి నాకెరుక లేదు. అది ఈడనే కన్నది. బాలింత తొట్టిల బ్లీచింగ్ పొయ్యమంటున్నవ్. నేను పొయ్య."

"నా తొట్టి, నా దుకాణం."

"చెయ్యి నాది సేటు. అది లేవదు."

"అయితే రేపటి సంది రాకు."

"రాను. నీ పురుగులు నాకియ్యి, నీ పీడ పోతది."

శివకృష్ణ భుజాలెగరేసిండు. బిక్షమ్మ నాచుతో సహా ఆ తొట్టి నీళ్లే క్యానుల నింపుకొని, ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. భర్త ఏసోబు గడప మీద కూసొని చూసిండు.

"పని పోగొట్టుకొని పురుగులు తెచ్చుకున్నదాన్ని నిన్నే చూస్తున్న."

"నిన్ను చేసుకున్ననాడు తెచ్చుకున్న పురుగుకన్న ఇవి నయం. జర జరుగు."

పాత ఫ్రిజ్జుల కూరగాయల డబ్బా కడిగి, క్యాను నీళ్లు అందుల పోసి, డబ్బా కింద నల్ల రవిక గుడ్డ పరిచింది. నలుపు మీద అద్దం తునకల్లెక్క చుక్కలు తేలినయి. వంగి పోల్చి చూసింది. శివకృష్ణ మాటల కొంత నిజమున్నది. కాలువ నాచు తోటి నిజంగనే పురుగులు వచ్చినయి, పిల్లలల్ల కలిసిపోయినయి.

ఇగ కలుపు తీసుడు మొదలైంది. ఆవగింజల్లెక్క గుండ్రంగ దొర్లేటివి పురుగులు. ఎక్కిళ్లు పెట్టినట్టు ఎగిరెగిరి పడేటివి కూడా పురుగులే. తల్లి గూని, తల్లి మీసాలు ఉండి, తాకితే గిరుక్కున వెనక్కి ఎగిరేటివి పిల్లలు. చెవుల మందు సీసా ఫిల్లరు తోటి ఒక్కొక్క పురుగును పీల్చి పారేసింది. ఇరవై మూడు పిల్లలు తేలినయి. మూడో రోజుకు పందొమ్మిదైనయి.

ఎక్కడ తప్పిందో తెలియక పొద్దంతా డబ్బా ముందల కదలకుండ కూసున్నది. రొయ్య పిల్ల చేతులు ఊకుండవు, నాచును గిల్లి గిల్లి నోట్ల పెట్టుకుంటనే ఉంటది. తను పిల్ల అని లెక్కబెట్టిన వాటిల్ల ఒకటి మాత్రం ఏమీ తినకుండ, ఎవరికోసమో కాసుకున్నట్టు ఉన్నది. తోక చివర మూడు ఈకలు. తూనీగ పిల్ల. ఆమె చూస్తుండంగనే దవడ చాపి ఒక రొయ్య పిల్లను పట్టింది.

"ఊదగడ్డివి నువ్వు," అన్నది బిక్షమ్మ. గంటెతో తోడి వాకిట్ల కోడికి వేసింది. పదిహేడు మిగిలినయి. వాటిల్ల మళ్ల ఒక్కటి తగ్గలే.

నెలన్నరకు అద్దం తునకలల్లకు ఎరుపు దిగింది. ఏసోబు ఊకుంటడా? చాయ్ హోటల్‌ల కూసొని, మా ఇంటి రొయ్యలు దోసకాయలంత అయినయి, నీళ్లు తాగబోయిన కుక్కను కరిసినయి అని చెప్పిండు. ఆ మాట దుకాణం దాకా పోయింది. శివకృష్ణ బండేసుకొని వచ్చిండు. డబ్బా మీద వంగి చాలాసేపు చూసిండు.

"ఇవి మన దుకాణం రొయ్యలే గద బిక్షమ్మా. తీస్కపోదాం. నువ్వు గూడ పనిలకు రా."

"పురుగులను ఏం జేస్కుంటవ్ సేటు?"

పక్కింటోళ్లు గోడ మీద నుంచి తలలు పెట్టిండ్రు. శివకృష్ణ మెడ గోక్కున్నడు. "అయిందేదో అయిపాయె."

"కాలే. ఇవేందో నీ నోటితో చెప్పు."

"పిల్లలు."

"గోడ అవుతలోళ్లకు ఇనబడలే."

"పిల్లలే, బిక్షమ్మా. రొయ్య పిల్లలే."

"గంతే. రేపు పొద్దుగాల పనికొస్త. ఇవి మాత్రం ఈడనే ఉంటయ్, ఇవి నావి."

శివకృష్ణ బండి దాకా పోయి ఆగిండు. "ఇంకోదానికి కూడ గుడ్లొచ్చినయి," అన్నడు, కొంచెం గొంతు తగ్గించి.

"ఆ తొట్టిల చెయ్యి పెట్టకు," అన్నది బిక్షమ్మ. "నేనొచ్చి చూస్త."