పది డిగ్రీల అబద్ధం

టీవీ ఇంటికొకటి కాకుండా వీధికొకటి ఉండే ఆ రోజుల్లో, తెర మీద ఏదో కదులుతుంటే చాలు, జనం చాపలు పట్టుకుని వచ్చేసేవారు. ఆ కదిలేది మనిషా, గుర్రమా అన్నది తర్వాత తీరిగ్గా వాదించుకునే విషయం. నూజివీడులో మా మావయ్య ఇంట్లో ఆ వాదన లేకుండా చేసిన ఘనత నాది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నీటిపారుదల ఆఫీసులో టెంపరరీ వైర్‌లెస్ ఆపరేటరుగా చేరి, మావయ్య ఇంట్లోనే ఉంటూ, తీరిక దొరికితే తీగలు అతికే వేడి వేడి సోల్డరుతో వేళ్ళు కాల్చుకుంటూ ఉండేవాణ్ణి. అలా కాల్చుకున్న ఒక వారంలో సొంతంగా ఒక బూస్టరు తయారు చేశాను. అందీ అందకుండా వచ్చే టీవీ సిగ్నల్‌ను పెంచి పెట్టెకు అందించే చిన్న సర్క్యూటు అది. నలభై అడుగుల గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెనా కింద బిగించాను. ఆ సాయంత్రం అత్తయ్య తెర దగ్గరకు వెళ్ళి, "ఆవిడ చీర అంచు కనపడుతోందిరా" అంది. అంతే, నా పేరు మోగిపోయింది. ఉంగుటూరు పిన్ని నుంచి రెడ్డిగూడెం పెదనాన్న దాకా బంధువులందరికీ వరసగా చేసిచ్చాను. (మొత్తం పదకొండు. ఈ అంకెను తర్వాత ఒక పెద్దాయన ముందు నిలబడి చెప్పుకోవలసి వస్తుందని అప్పుడు తెలియదు.)

ఆఫీసులో నా పని, చింతలపూడి వైపు జలాశయంలో నీటిమట్టం ఎంతుందో ఉదయం, సాయంత్రం వైర్‌లెస్‌లో విని రాసుకోవటం. గేట్లు ఎత్తితే వెంటనే వాగు పక్క ఊళ్ళకు కబురు పంపాలి. అవతల చెప్పే ఆపరేటరును నేను ఎన్నడూ చూడలేదు. ఆయన నన్ను "అబ్బాయ్" అనేవాడు కాబట్టి నేను "బాబాయ్" అనేవాణ్ణి. ఆ వానాకాలం మొదలయ్యాక సాయంత్రాలు మా సెట్టులో గుయ్యిమని ఒక రొద పుట్టింది. తేనెతుట్టె చెవికి కట్టుకున్నట్టుండేది. తప్పు మీ సెట్టుదని మా ఆఫీసు చింతలపూడికి ఉత్తరం రాసింది. కాదు మీదేనని వాళ్ళు రాశారు. వాళ్ళది పశ్చిమ గోదావరి, మాది కృష్ణా, కాబట్టి ఉత్తరాలకు కొదవ లేదు. పోలీసు సెట్టులోనూ అదే రొద రావటంతో వాళ్ళు మా ఇద్దరినీ తిడుతూ మూడో ఉత్తరం రాశారు. మా ఉత్తరం చిత్తుప్రతి రాసింది నేనే. "లోపము పూర్తిగా అవతలి జిల్లాదని మా సాంకేతిక అభిప్రాయము" అని రాసి, 'సాంకేతిక' కింద గీత కూడా గీశాను.

ఒక సాయంత్రం వాన పడుతోంది. రొదలోంచి బాబాయి గొంతు ముక్కలుగా వచ్చింది. "గేట్లు ఎత్తం" అన్నాడని రాసుకున్నాను. మళ్ళీ చెప్పమని అడిగితే రొద తప్ప ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకుని కబురు పంపలేదు. ఆయన నిజానికి అన్నది "ఎత్తాం" అని. ఒక్క దీర్ఘం తేడా. వాగు దాటుతున్న ఒక ఎడ్లబండి నడి నీళ్ళలో చిక్కుకుంది. బండివాడు కాడి తాళ్ళు కోసి ఎడ్లను వదిలి, తనూ ఈదుకుంటూ ఒడ్డుకు పడ్డాడు. బండి మాత్రం మళ్ళీ కనపడలేదు. మర్నాడు ఆ మనిషి మా ఆఫీసు వరండాలో తడి పంచెతో కూర్చుని, ఎవరినీ ఏమీ అనకుండా నేల చూస్తుండటం చూశాక నాకు అన్నం దిగలేదు.

అప్పుడు గాని రెండు జిల్లాల ఆఫీసర్లు, పోలీసులు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. ఉత్తరాలు ఆపి అందరూ కలిసి వెతకాలని, విజయవాడ నుంచి రొదలు పట్టే ఆఫీసరును పిలిపించాలని నిర్ణయించారు. ఆదివారం మధ్యాహ్నం జీపులో ఆయన దిగాడు. పొడుగాటి మనిషి, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. (మేం ఆయనకు చెవులాయన అని పేరు పెట్టుకున్నాం, వినపడనంత దూరం నుంచి.) చింతలపూడి బాబాయి కూడా బస్సులో వచ్చాడు. గొంతును బట్టి భారీ మనిషిని ఊహించుకున్నాను గాని, నా భుజం దాకా వచ్చే సన్నటి మనిషి. చెవులాయన మాకిద్దరికీ చేపముల్లులాంటి చిన్న యాంటెనాలు, దిక్సూచులు ఇచ్చాడు. రొద ఏ వైపు ఎక్కువగా వినపడితే ఆ దిక్కు డిగ్రీల్లో రాసుకోవాలి. బాబాయి రెడ్డిగూడెం రోడ్డు మీద, నేను మా ఆఫీసు మేడ మీద. రెండు గీతలూ మ్యాపు మీద ఎక్కడ కలిస్తే దొంగ అక్కడ. "ఇది చేసినవాడు దొరికితే మొదట కేసు, తర్వాత మాటలు," అన్నాడు చెవులాయన, ఎటో చూస్తూ.

ఐదున్నరకు టీవీలో సినిమా మొదలైంది. దాంతోపాటే రొదా మొదలైంది. నేను మేడ మీద ఒక్కణ్ణే యాంటెనా తిప్పుతున్నాను. నూట ఎనిమిది డిగ్రీల దగ్గర చెవి గింగురుమంది. ఎదురుగా చూశాను. పెంకుల మీదుగా, కొబ్బరి ఆకుల మీదుగా, ఎండకు మెరుస్తూ నలభై అడుగుల గొట్టం కనపడింది. నేను నిలబెట్టిన గొట్టం. పిట్టగోడ మీద కూలబడ్డాను. నా బూస్టరు సిగ్నల్‌ను పెంచటమే కాకుండా, తనూ గొంతెత్తి ఊరంతటికీ అరుస్తోంది. బండి మునిగింది నా వల్ల. ఉద్యోగం పోతుంది. కచేరీలో హెడ్డు గుమాస్తాగా ఇరవై ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసిన మావయ్య ఇంటి ముందు పోలీసు జీపు ఆగుతుంది. యాంటెనాను కాస్త పక్కకు తిప్పాను. కాగితం మీద నూట పద్దెనిమిది అని రాశాను.

చెవులాయన మ్యాపు మీద గీతలు గీశాడు. అవి మా వీధిని తప్పించుకుని, ఊరవతల ఒక మామిడితోటలో కలిశాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఖాళీ తోటే కదా అనుకున్నాను. బాబాయిని, ఒక పోలీసాయన్ను ఎక్కించుకుని జీపులో వెళ్ళి చూస్తే అక్కడ కాపలావాళ్ళ పాక ఉంది. మొగుడూ పెళ్ళాం వాకిట్లో కూర్చుని ట్రాన్సిస్టరు వింటున్నారు. అది బాగా పలకాలని దానికి రాగితీగ చుట్టి, మామిడిచెట్టు కొమ్మల దాకా లాగారు. ఆ తీగ చూసి చెవులాయన కళ్ళు చిన్నవయ్యాయి.

"ఏంటిది?"

"పాటలు వింటాకండి," అన్నాడు కాపలాదారు, లేచి తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుంటూ.

"ఆపు దాన్ని."

ఆయన ఆపాడు. సరిగ్గా అదే క్షణంలో జీపులోని సెట్టులో రొద ఆగిపోయింది. పోలీసాయన, బాబాయి ఒకరినొకరు చూసుకున్నారు. అది ఎలా ఆగిందో నాకొక్కడికే తట్టింది. తోట అంచున పంపుసెట్టు మోటారు కూడా ఆగిపోయింది. కరెంటు పోయింది. మావయ్య ఇంట్లో టీవీతోపాటు బూస్టరూ ఆగిపోయింది.

"దీన్ని స్టేషనుకు తీసుకురండి," అన్నాడు చెవులాయన. "మనిషిని కూడా."

కాపలాదారు చేతులు జోడించాడు. "నాకేం తెలవదండి. తప్పయితే తీగ ఇప్పుడే పీకేస్తానండి." ఆయన భార్య మాత్రం ఆఫీసర్లను వదిలేసి నా దగ్గరకు వచ్చింది. అందరిలోకీ చిన్నవాణ్ణనేమో. "బాబూ, నువ్వు సదూకున్నోడివి. మా పెట్టెలోంచి అంత గోల వస్తదా? నువ్వైనా సెప్పు ఆళ్ళకి."

నేను చెప్పలేదు. ఆయన్ను జీపు ఎక్కించారు. పోలీసాయన తీగ చుట్ట చుడుతున్నాడు. వరండాలో తడి పంచెతో కూర్చున్న బండివాడు గుర్తొచ్చాడు. జీపు స్టార్టయింది. అప్పుడు నోరు తెరిచాను.

"సార్, నా రీడింగు తప్పండి."

"ఎంత తప్పు?"

"పది డిగ్రీలండి."

"ఎటు?"

"మా మావయ్య ఇంటి వైపండి."

చెవులాయన ఇంజను ఆపి, కాపలాదారును దిగమన్నాడు. నేను ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేశాను. బాబాయి జేబురుమాలు ఇచ్చి, "ముక్కు తుడుచుకో అబ్బాయ్, మిగతాది తర్వాత చూద్దాం," అన్నాడు.

మావయ్య ఇంటికి చేరేసరికి కరెంటు వచ్చింది. హాల్లో, గుమ్మంలో, కిటికీల బయట కలిపి సగం వీధి ఉంది. సినిమాలో కోర్టు సీను నడుస్తోంది. చెవులాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపి, బూస్టరు ఆపమన్నాడు. అత్తయ్య వెనక్కి తిరక్కుండానే, "తీర్పు చెప్పేస్తున్నారు, ఒక్క పది నిమిషాలు ఆగండి," అంది. మావయ్య ఖాకీ బట్టలు చూసి లేచి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, "టీవీ లైసెన్సు బీరువాలో ఉందండి," అన్నాడు. నేనే వెళ్ళి స్విచ్చు తీశాను. తెర మీద జడ్జిగారు ఇసుకలాంటి చుక్కల్లో కలిసిపోయారు, జీపులో రొద ఆగింది, సగం వీధి నన్ను తిట్టింది.

"ఇలాంటివి ఎన్ని చేశావు?" అన్నాడు చెవులాయన.

"పదకొండు సార్."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. అంతకంటే పెద్ద శిక్షే వేశాడు. రెండు జిల్లాల్లోనూ ఇలాంటి బూస్టర్లన్నీ వెతికి, బాబాయి అటు నుంచి, నేను ఇటు నుంచి, ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ రావాలి. రెండు నెలలు సైకిలు తొక్కాను. బూస్టర్లను పాలపొడి రేకు డబ్బాల్లో పెట్టి బిగించి, అరవకుండా చేయటం బాబాయే నేర్పాడు. బొమ్మ కాస్త మసకబారిందని రెడ్డిగూడెం పెదనాన్న ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. రెండు ఆఫీసులూ ఉత్తరాలు మానేసి, ప్రతి నెలా ఒక పూట కూర్చుని సెట్లు కలిపి పరీక్షించుకునే అలవాటు చేసుకున్నాయి. బండివాడికి రెండు ఆఫీసుల వాళ్ళూ కలిసి కొత్త బండి చేయించారు. నేను ఆ బండి తోలుకెళ్ళటం దూరం నుంచే చూశాను, దగ్గరకు వెళ్ళే ధైర్యం చాలలేదు.

తోట దగ్గరకు మాత్రం వెళ్ళాను. తీగ నేనే కడతానని చెట్టెక్కబోతే ఆవిడ ఎక్కనివ్వలేదు. క్షమించమని అడిగాను. "మాకు బయమేసింది గాని బాబూ," అంది, "నీ మొకం సూత్తే మాకన్నా నువ్వే ఎక్కువ వణికిపోతన్నావు. ఈడేదో సెప్తాడు అనుకున్నా. సెప్పేదాకా నిన్నే సూత్తా కూకున్నా."

చెవులాయన తన రిపోర్టులో 'ఆపరేటరు తన పొరపాటును వెంటనే, స్వచ్ఛందంగా తెలియజేశాడు' అని రాశాడు. ఆ ఒక్క వాక్యంతోనే తర్వాత నా ఉద్యోగం పర్మనెంటయింది. రిటైరైన రోజు సభలో కూడా ఎవరో దాన్ని చదివారు, జనం చప్పట్లు కొట్టారు. దండ మెడలో బరువుగా ఉంది, నవ్వొచ్చింది. ఆ 'వెంటనే' అన్న మాట దగ్గర, జీపు పక్కన నోరు పెగలక నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుని, పాపం ఎంతసేపు పట్టిందిరా నీకు అనుకున్నాను.