చీకటి గదిలో చిక్కుడు మొక్కలు

నా పరువు పోవడానికి ఒక్క పూట పట్టింది. పొద్దున ఉంది, సాయంత్రానికి లేదు. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, ఇప్పుడే నవ్వేస్తే తరువాతికి మిగలదు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు నేను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కాపురానికి వచ్చాను. మా నాయనకు బజారులో అంగడి. చిక్కుడుకాయ గంపలో పుడుతుందనుకునేదాన్ని నేను. అత్తగారింట్లో నీళ్ళకు కరువు. స్నానాల నీళ్ళు పారే చోట ఒకే ఒక్క పందిరి. దాని మీద ఎవరి తీగ పాకితే ఆ ఏడంతా వంటింట్లో మాట వాళ్ళదే. ఆ పందిరి మీద నా కన్నూ పడింది, మా తోడికోడలు రమణమ్మక్క కన్నూ పడింది.

బయట విత్తితే కోళ్ళు గీరి పారేస్తాయని ఇద్దరమూ ఇంట్లోనే కొబ్బరిచిప్పల్లో గింజలు వేశాము. మొలకలు రాగానే అక్క తన చిప్పలను వసారాలోకి మార్చింది. రోజూ లేత ఎండలోకి జరిపేది, ఎండ ముదిరితే మళ్ళీ లోపలికి తెచ్చేది. ఈ చాకిరీ ఎవరు చేస్తారు? నేను నా చిప్పలను గింజలు దాచే చీకటి గదిలో పెట్టి తలుపు వేశాను. కోడి రాదు, దిష్టి తగలదు, నడుం వంచే పని లేదు. చూశారా నా తెలివి!

కొన్నాళ్ళకు తలుపు తీస్తే నా మొక్కలు మూరెడు ఉన్నాయి! అక్కవి జానెడు కూడా దాటలేదు. నావి తెల్లగా, సన్నగా, పెళ్ళికూతుళ్ళలా తల వంచుకుని నిలబడి ఉన్నాయి.

"మే, అవి ఎండ మొహం ఎరగనివి," అంది అక్క. "దినామూ కొంచెం కొంచెం ఎండ చూపించి, ఆ తర్వాత నాటు."

"నీవి పొట్టిగా ఉండాయని కడుపుమంట గదక్కా నీకు?" అన్నాను. అవును, మొహం మీదే అన్నాను.

మా అత్త తీర్పు చెప్పింది. "సరే, రేప్పొద్దున నాటు మే. సందేళకు నీ మొక్కలు తలెత్తుకోని నిలబడుంటే పందిరి నీదే. లేదంటే పెద్దదానిది."

మర్నాడు పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళనందరినీ పిలిచి, వాళ్ళ ఎదుటే పందిరి కింద నాటాను. "ఎంత పొడుగుండాయమ్మా!" అని వాళ్ళు బుగ్గలు నొక్కుకుంటే నాకు ఒళ్ళు తెలియలేదు.

ఉదయగిరి ఎండ సంగతి మీకు తెలియకపోతే అదృష్టవంతులు. అన్నాలు తిని వచ్చి చూద్దును గదా, నా మొక్కలన్నీ నేల మీద సాష్టాంగం! చెంబెడు నీళ్ళు పోశాను. ఇంకో చెంబెడు పోశాను. మా ఆయన గొడుగు తెచ్చి పట్టాను. "లేవండే తల్లీ, మీ కాళ్ళు మొక్కుతా!" అని బతిమాలాను. ఒక్కటీ లేవలేదు.

ఇల్లంతా కునుకు తీస్తోంది. వసారాలో అక్క మొక్కలు పచ్చగా, గట్టిగా నన్నే చూస్తున్నాయి. ఇంక చెప్పాలా? మట్టి చెదరకుండా వాటిని తీసి నా గుంటల్లో నాటాను. నా వాటిని అక్క చిప్పల్లో దించాను. చేతులు కడుక్కుని చాప మీద పడుకుని, అనుమానం రాకుండా గురక కూడా పెట్టాను.

పొద్దున వచ్చినవాళ్ళంతా సాయంత్రం మళ్ళీ వచ్చారు. మొక్కలు నిటారుగా ఉన్నాయి. నేను అంతకంటే నిటారుగా ఉన్నాను.

అత్త వంగి చూసింది. "ఏంది మే, పొద్దున తెల్లగా ఉండినాయే?"

"ఎండ తగిలింది గదత్తా, రంగొచ్చింది."

"మూరెడు ఉండినాయి గదా, జానెడైనాయేంది?"

అప్పుడు తట్టింది నాకు! ఇంత పని చేసినదాన్ని, ఆ ఒక్క ముక్క ఆలోచించలేదు. నోరు మాత్రం ఊరుకోదు గదా.

"ఎండకు... కుంచించుకుపోయినాయత్తా."

రమణమ్మక్క వసారాలోంచి చిప్ప పట్టుకుని వచ్చింది. మొహంలో నవ్వు లేదు. "అత్తా, ఇదేంది చూడు! నావి నీడన కూర్చోని మూరెడు సాగినాయి!"

అత్త నన్ను పాదాల నుంచి నెత్తి దాకా చూసింది. ఆ వీధికంతా నేనే పొడుగు. ఆ ఇంటి ద్వారబంధాలకు నా నుదురు తగలని రోజు లేదు.

"మంచి సంగతి చెప్పినావు మే," అంది. "రేపటి నుంచి నిన్ను గూడా నాలుగు దినాలు ఎండలో నిలబెడతా. వాకిలికి సరిపోతావు!"

వీధి వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. నేను చీకటి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

పందిరి అక్కదయింది. ఆ మహాతల్లి నా మొక్కలను కూడా గంప కింద నీడన పెట్టి, పూటకింత ఎండ చూపించి, బతికినవాటిని అదే పందిరికి పాకించింది. కాయలు విరగకాశాయి. సిగ్గుతో చచ్చిపోయాను గాని, కూర మాత్రం మారు వడ్డించుకునే తిన్నాను.

ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను, నేటికీ తప్పలేదు: ఈ జన్మలో మళ్ళీ మొక్కలు దొంగిలించాల్సి వస్తే, ముందు మూర వేసి కొలుచుకోకుండా చెయ్యి పెట్టనుగాక పెట్టను.