వీరన్న బస్సుకు బలం ఎక్కడిది?

1957 మార్చిలో నన్ను ఆదోనిలో సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మద్రాసులోని మా కంపెనీ డీజిల్ ఇంజన్లు అమ్మేది. గ్యారంటీలో ఉన్న బళ్లను తనిఖీ చేసి, యజమానులు ఇంజన్‌లో సొంత మార్పులు చేసుంటే రాసి పంపడం నా పని. మార్పు తేలితే గ్యారంటీ రద్దు.

ఎమ్మిగనూరు, ఆదోని మధ్య తిరిగే వీరన్నకు ఉన్నది ఒకటే బస్సు. కొత్త ఇంజన్ వేసి నాలుగు నెలలైంది. అది పోతే ఇంకోటి కొనే తాహతు లేదు. కానీ ఎత్తు వస్తే చాలు, నల్లపొగ కక్కుతూ నిలబడేదట. ప్రయాణికులు దిగి నడిచేవారు. నేను వెళ్లేసరికి, మూడు రోజుల కిందటే, మెకానిక్ హుసేన్ దానికి వైద్యం చేసేశాడు. జిన్నింగు మిల్లులో పత్తిని తోసే పాత ఫ్యాను బిగించి, ఇంజన్ నుంచి బెల్టు వేసి, సిలిండర్లలోకి గాలి తోయిస్తున్నాడు. దీన్నే మేం సూపర్‌చార్జింగ్ అంటాం. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిల్‌ని కాల్చి బలం రాబట్టవచ్చు. పుస్తకాల్లో చదివింది ఎమ్మిగనూరు షెడ్డులో కనబడేసరికి నా కాళ్లు నేలమీద నిలవలేదు. గ్యారంటీ రద్దు చేయాల్సినవాణ్ణి, ఎగిరి ముందు సీట్లో కూర్చున్నాను.

"ఈ ఇంజన్ గీసినోళ్లు, ఎవుడో ఒగడు ఇట్లా గాలి తోస్తాడని అనుకోనే గీసినారా సార్?" అని హుసేన్ అడిగాడు. మద్రాసుకు రాసి కనుక్కుంటానన్నాను, దాన్ని కనిపెట్టింది నేనే అయినట్టు.

బస్సు ఎత్తులన్నీ ఒక్క ఊపున ఎక్కేసింది. టాపు మీదివాళ్లు ఈలలు వేశారు. వీరన్న స్టీరింగు పట్టుకుని పాట అందుకున్నాడు. నేనూ గొంతు కలిపాను. ఆదోనిలో దిగి, ముచ్చటగా బానెట్ ఎత్తి చూస్తే ఫ్యానుకు బెల్టు లేదు.

"ఎమ్మిగనూరు దాటినప్పుడే ఏందో పడిందని టాపు మీదోళ్లు సెప్పినారన్నా. ఎవురిదో తువ్వాల అనుకుంటి," అన్నాడు కండక్టరు. అంటే దారిపొడవునా ఫ్యాను తిరగనే లేదు.

మరి ఆ బలం ఎక్కడిది? ఫ్యాను గొట్టం బిగించడానికి అడ్డమని హుసేన్ ఎయిర్ క్లీనర్ పీకేశాడు. నూనె తొట్టిలో దుమ్మును పట్టి ఇంజన్‌కు శుభ్రమైన గాలి ఇచ్చే డబ్బా అది. మర్నాడు దాన్ని విప్పితే లోపల నల్లరేగడి మట్టీ దూదీ కలిసి ముద్దకట్టి ఉన్నాయి. నాలుగు నెలలుగా ఎవరూ కడగలేదు. ఇంజన్‌కు ఊపిరాడక పొగ కక్కింది. కిరోసిన్‌తో కడిగి, కొత్త నూనె పోసి, డబ్బాను మళ్లీ బిగించాం. ఫ్యాను తీసేశాం. బస్సు అంతే హుషారుగా ఎత్తెక్కింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. హుసేన్ మాత్రం మొహం ముడుచుకుని ఫ్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

జరిగింది జరిగినట్టు రాసి, హుసేన్ ప్రశ్నా జతచేశాను. ఫ్యాను సంగతి దాచలేదు గనక గ్యారంటీ పోతుందని వీరన్న బస్సు కడగడం కూడా మానేసి కూర్చున్నాడు. పదిరోజులకు మా పెద్ద ఇంజనీరు జవాబిచ్చారు. బయటివాళ్లు బిగించే ఫ్యానును లెక్కలోకి తీసుకుని ఎవరూ ఇంజన్ గీయరు, ఎండ, దుమ్ము, అధిక బరువు తట్టుకునేటంత అదనపు గట్టిదనం మాత్రం ఉంచుతారు, డబ్బా లేకుండా మీరు తిప్పిన నాలుగు రోజులూ ఇంజన్ బతికింది దానివల్లే అన్నారు. ఫ్యాను తీసేశారు గనక గ్యారంటీ కొనసాగుతుందని రాసి, కింద సంతకం.

ఆ తర్వాత ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో, ఒకేసారి రెండు మార్పులు చేసి ఫలితం ఫలానా దానివల్లేనని నేను సంతకం పెట్టలేదు.