వేడి చేసిందట!

అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది.

"వేడి చేసింది బిడ్డా. సబ్జా నీళ్లు తాగు, బ్రష్ బంద్ చెయ్" అంది హాస్టల్ ఆంటీ. వేసవంతా అదే చేశాను. పన్ను కదిలినా వేడే అంది. ఒక సాయంత్రం చిక్కడపల్లిలో మొక్కజొన్న కంకి కొరికితే, ఆ ముందుపన్ను కంకిలోనే ఉండిపోయింది. రోడ్డు మీదే ఏడ్చేశాను.

నారాయణగూడలో డెంటిస్టు కోప్పడ్డారు. "ఇది చిగుళ్ల జబ్బమ్మా. పాచి గట్టిపడి, పంటిని పట్టుకునే ఎముక కరిగిపోయింది. రక్తం కనబడ్డప్పుడే రావాలె. బ్రష్ ఎవరు ఆపమన్నరు?"

తిన్నగా వెళ్లి ఆంటీ ముందు నోరు తెరిచాను. ఆమె బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో, ఎంత వేడి చేసింది బిడ్డా!"

ఒళ్లు మండిపోయింది. నాకు నిజంగా వేడి చేసింది అప్పుడే.