ఆరుగురి పంకా

సైమన్ ప్రొపెల్లర్‌ని పంకా అనే అంటాడు. కాకినాడ హార్బర్లో పన్నెండేళ్ళు బోటు ఇంజన్లు విప్పి బిగించినప్పుడూ అదే మాట, ఇక్కడ హర్యానా పడవవాళ్ళ మధ్యా అదే మాట. ఈ ఊళ్ళో అతను హిందీలోకి మార్చుకోకుండా వాడగలిగిన మాట అదొక్కటే.

భార్య ఆనందకుమారికి దేశ రాజధానిలో సాకేత్‌లో ఆస్పత్రి నర్సు ఉద్యోగం వస్తే 2003లో ఆమె వెంట వచ్చాడు. హౌజ్ రాణిలో రెండు గదులు. సముద్రం లేని ఊళ్ళో బోటు మెకానిక్కి పనేముంటుంది? ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాక హర్యానాలో సోహ్నా అవతల చెరువు మీద ఒక క్లబ్బులో పని దొరికింది. ఎనిమిది బోట్లు, ఒక రేకుల షెడ్డు, అతను. ఆదివారాలే గిరాకీ, కాబట్టి చర్చి పోయింది. ఆనందకుమారికి ఎప్పుడూ డ్యూటీలే. కూతురు స్తుతికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలో వస్తుంది. ఇంజన్ సంగతి ఏదైనా చెప్పబోతే "పాపా, బోర్ మత్ కరో" అని విసుక్కుంటుంది. వారం మొత్తంలో సైమన్ తీరుబడిగా తెలుగు మాట్లాడేది ఒక్క సదాశివరావుతోనే.

సదాశివరావు గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజరు. గుంటూరాయన. తొంభై హార్స్‌పవర్ ఇంజనున్న తెల్ల బోటు ఆయనది. ఆదివారం పదింటికి ఒక్కడే వస్తాడు, చెరువు రెండు చుట్లు తిరుగుతాడు, షెడ్డు ముందు కూర్చుని సైమన్‌తో టీ తాగుతాడు. పది నెలలుగా ఇదే వరస.

2006 ఏప్రిల్‌లో ఒకరోజు టీ తాగుతూ, "పంకా మార్చాలి సైమన్" అన్నాడు.

"ఎందుకండి? బానే పోతంది కదా."

"ఒక్కడినే అయితే పోతుంది. అందరం ఎక్కిన రోజు గుర్తులేదా?"

గుర్తుంది. బోటు కొన్న కొత్తలో భార్య సరోజ, ఇద్దరు పిల్లలు, బావమరిది, అతని భార్య ఎక్కారు. బోటు నీళ్ళ మీదికి లేవకుండా దున్నపోతులా ముక్కెత్తి ఈదింది. పిల్లలు ఒకటే నవ్వు. ఆ జూన్‌లోనే సరోజ పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయింది. చదువుల కోసం అని సదాశివరావు ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు.

"మామూలుగా ఎంతమంది ఎక్కుతారండి?" అని అడిగాడు సైమన్. పంకా మార్చమన్న ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నే అది.

"ఆరుగురం. సెలవులకి వస్తున్నారుగా."

పంకా మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది పిచ్. చెక్కలోకి మరమేకు దిగినట్టు, ఒక్కసారి తిరిగితే పంకా ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ రెండో అంకె చెబుతుంది. పెద్ద పిచ్ అయితే వేగం, కానీ బరువెక్కిందంటే ఇంజన్ రొప్పుతుంది. చిన్న పిచ్ బరువు లాగుతుంది, కానీ ఖాళీ బోటుకి వేస్తే ఇంజన్ హద్దు దాటి తిరిగి పాడవుతుంది. పూర్తిగా థ్రాటిల్ ఇస్తే ఆ ఇంజన్ నిమిషానికెన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు ఐదువేలకీ ఐదువేల ఐదొందలకీ మధ్య నిలబడాలి. నిలబడితే అదే సరైన పంకా. ఇందులో దాపరికాలేం నడవవు. అప్పటిదాకా ఉన్నది పంతొమ్మిది. సైమన్ ముంబై నుంచి పదిహేడు తెప్పించి బిగించాడు.

పరీక్షకి ఆరుగురు కావాలి, మనుషుల్లేరు. ఇరవై లీటర్ల డబ్బాల్లో చెరువు నీళ్ళు నింపి సీట్ల మీద పెట్టసాగాడు సైమన్.

"ఈ మూడూ ఎవరండి?" అన్నాడు సరదాగా.

"సరోజ. ఇంకోటి వెయ్యి, కొంచెం లావైందంట." సదాశివరావు నవ్వాడు. "వైశాలికి రెండు చాలు, అది తిండి తినదు."

"బాబుకండి?"

"పృథ్వీకి పన్నెండొచ్చాయి. ఎంత పెరిగాడో ఏమో... మూడు వెయ్యి."

బావమరిదికీ అతని భార్యకీ కలిపి ఆరు డబ్బాలు పెట్టారు. అన్నిటినీ తాళ్ళతో కట్టాక ఆయన బోటు తీశాడు. చక్కగా లేచింది. తిరిగొచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "ఐదువేల యాభై. చూశావా?"

"డబ్బాలు తీసి కూడా చూడాలండి."

"ఎందుకూ?"

"చూడాలండి."

పదిహేను డబ్బాల నీళ్ళూ చెరువులోకి ఒంపారు. సదాశివరావు ఒక్కడే వెళ్ళాడు. ఇంజన్ కీచుమంటుంటే ఒడ్డునుంచే సైమన్ రెండు చేతులూ ఊపి ఆపమన్నాడు. ఐదువేల ఎనిమిదొందలు.

చెబితే ఈయన మళ్ళీ రాడేమో, వారానికొక టీ కూడా పోతుంది. చెప్పకపోతే ఏ ఆదివారమో ఇంజన్ పోతుంది. సైమన్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"సార్, పంకా వచ్చేవాళ్ళని బట్టి వెయ్యాలండి. రావాల్సినవాళ్ళని బట్టి కాదు."

సదాశివరావు కారు తాళాలు తీసుకున్నాడు. "నువ్వు మెకానిక్‌వా, పాస్టరువా?" అని, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మూడు ఆదివారాలు రాలేదు. సైమన్ పంతొమ్మిది మళ్ళీ బిగించి, పదిహేడు తుడిచి షెడ్డులో మేకుకి తగిలించాడు. టీకొట్టు భయ్యా అలవాటుగా రెండు గ్లాసులు తెచ్చేవాడు, ఒకటి వెనక్కి పట్టుకెళ్ళేవాడు. ఇంట్లో ఆనందకుమారికి చెబితే, "పెద్దోళ్ళ సంగతులు నీకెందుకు?" అని డ్యూటీకి వెళ్ళిపోయింది.

మే చివర్లో ఎండ పేలిపోతుండగా కారొచ్చి ఆగింది. ఒక్క తలుపే తెరుచుకుంది.

"ఏది ఉంది దానికి?" అన్నాడు సదాశివరావు.

"పంతొమ్మిదండి."

"ఉండనీ. రెండోది పారెయ్యకు."

"గ్రీజు రాసి పెట్టానండి."

ఆయన బోటెక్కి తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది గానీ బోటు కదల్లేదు. "నువ్వూ ఎక్కవయ్యా. చర్చి ఎలాగూ లేదుగా."

సైమన్ చెప్పులు ఒడ్డున విడిచి, ఎదురు సీటు మీద అంచున కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో ఆ బోటులో ప్రయాణికుడిగా కూర్చోవడం అదే మొదలు. చెరువు మధ్యకి వచ్చాక సదాశివరావు థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి ముల్లు వైపు చూశాడు.

"ఐదువేల రెండొందల యాభై. నాకెప్పుడూ ఐదువేల నాలుగొందలు చూపిస్తుంది. నూటయాభై తగ్గిందేంటి?"

"నేనున్నాను కదండీ" అన్నాడు సైమన్.