నిచ్చెన బాబాయి నడకలు

"గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోతే? అత్తయ్య కునుకు తీస్తున్నప్పుడే వెళ్ళిపోతే? ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియకపోతే?"

ఈ మూడు ప్రశ్నలూ ఆమె భర్తని అడగలేదు, పిల్లల డాక్టర్ని అడగలేదు. వరండా గోడకు నిచ్చెన వాల్చి, స్క్రూలు పెదవుల మధ్య బిగబట్టుకుని పైకప్పుకేసి చూస్తున్న పెద్దమనిషిని అడిగింది. ఆయన స్క్రూలు తీసి జేబులో వేసుకున్నాడు.

"ముందు వాడెలా నడుస్తాడో చూపించండమ్మా" అన్నాడు.

ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ప్రసవానికి పెట్టిన సెలవు సాగదీసి సాగదీసి చివరికి సోమవారానికి తెగింది. కొడుక్కి పదహారు నెలలు. అందరూ బుడంకాయ అంటారు. నడక వచ్చి నెలయింది, భయం మాత్రం ఇంకా రాలేదు. వాడి వంతు భయం కూడా తల్లే పడుతోంది. సోమవారం నుంచి వాణ్ణి చూసుకోవాల్సింది అత్తగారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఇంటి ముందు వరండా, దాని ముందు నాలుగడుగుల వాకిలి, ఆ తర్వాత నడుమెత్తు గేటు, అది దాటితే రోడ్డు. వారం రోజులు చదివి, కొలతలు తీసి, ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కదిలే మనిషి వెంట దానంతట అదే తిరిగే కెమెరా పెట్టించాలి. ల్యాబులో ఫోన్ తెరిస్తే కొడుకు కనిపించాలి. కనిపించకపోతే ఉద్యోగం మానేయాలి. మూడో దారి ఆమె పట్టికలో లేదు.

కెమెరా బిగించడానికి వచ్చినాయన అసలు పేరు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. స్కూటర్‌కి పక్కగా నిచ్చెన కట్టుకుని వస్తాడు. మలుపులో ముందు నిచ్చెన కనిపిస్తుంది, కాసేపటికి ఆయన కనిపిస్తాడు. అందుకని నిచ్చెన బాబాయి. వయసులో ఉన్నప్పుడు మేడల మీదికెక్కి టీవీ యాంటెన్నాలు తిప్పేవాడు. కింద నుంచి ఇంటిల్లిపాదీ "బొమ్మ వచ్చింది, పోయింది, ఇటు కాదు అటు" అని కేకలేసేవారట. "ఇప్పుడు ఈ కెమెరా దానంతట అదే తిరుగుతోంది. నన్ను తిట్టేవాళ్ళే కరువయ్యారు" అని బాధపడుతుంటాడు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ కెమెరా బిగించినా దాని ముందు తానే నడిచి చూడాలి. అది ఎవరి కోసమైతే ఆ నడక నడవాలి. బడికైతే చివరి గంట కొట్టాక పిల్లలు ఉరికే నడక, గోదాముకైతే దొంగ నడక. దొంగ నడకలో మళ్ళీ రెండు రకాలు. కొత్త దొంగ నక్కినక్కి నడుస్తాడు, చెయ్యి తిరిగినవాడు అల్లుడిలా నడుస్తాడు. ఒక గోదాములో ఆయన కొత్త దొంగ నడక నడుస్తుంటే, ఆ రోజే పనిలో చేరిన కాపలావాడు పట్టుకుని గంటసేపు కూర్చోబెట్టాడు. తన పనితనానికి అంతకుమించిన మెప్పు ఇంతవరకూ దొరకలేదంటాడు.

బుడంకాయ నాలుగు అడుగులు వేసి చూపించాడు. బాబాయి శ్రద్ధగా చూసి, నిచ్చెనెక్కి కెమెరా బిగించి, దిగి, రెండు చేతులూ పక్షిలా చాచి, పొట్ట ముందుకు పెట్టి, తూలుతూ వరండా పొడవునా నడిచాడు. చివర్లో చతికిలబడ్డాడు. పైనున్న గుండ్రటి కెమెరా గిర్రుమంటూ ఆయన వెంటే తిరిగింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని బొత్తాలు కుడుతున్న అత్తగారు సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

"తమ్ముడూ, వాడికంటే నువ్వే బాగా పడ్డావు."

"అలవాటక్కా. ముప్పై ఏళ్ళుగా పడుతున్నా."

ఆయన ఆమెకు ఫోన్‌లో వేలితో అటూ ఇటూ జరిపే రెండు మీటలు చూపించాడు. కెమెరా ఒక బొమ్మనీ దాని తర్వాతి బొమ్మనీ పోల్చుకుంటుంది, మారిన చోట ఏదో కదిలిందనుకుని అటు తిరుగుతుంది. ఎంత చిన్న కదలికకు తిరగాలో ఒక మీట చెబుతుంది. ఎంత చిన్న వస్తువును వదిలేయాలో రెండోది చెబుతుంది. "మొదటిది వందకు అరవైలో పెట్టాను. రెండోది అలాగే ఉంచండి. ఆదివారం వచ్చి చూస్తా. అంతదాకా ముట్టుకోకండి" అని చెప్పి నిచ్చెన కట్టుకుని వెళ్ళాడు.

స్కూటర్ చప్పుడు మలుపు తిరిగే లోపే ఆమె ముట్టుకుంది. అరవై అంటే నలభై వదిలేసినట్టే కదా. కొడుకు విషయంలో నలభై ఎలా వదిలేస్తుంది? వందకు జరిపింది. అంతే, కెమెరాకు పూనకం వచ్చింది. తీగ మీద ఆరేసిన తువ్వాలు ఊగితే తువ్వాలు వెంట, కర్టెన్ కదిలితే కర్టెన్ వెంట పరిగెత్తింది. తువ్వాలు అటూ ఇటూ ఊగుతుంటే అదీ అటూ ఇటూ తల ఆడించింది.

"పాపం, సోమవారం దాకా బతికేట్టు లేదు" అంది అత్తగారు.

అయినా ఆమె వంద తగ్గించలేదు. శాస్త్రం చదువుకున్న మనిషి, ఆలోచించింది. తప్పు తువ్వాలుది. టేపు తెచ్చి తువ్వాలు పొడవు కొలిచింది, తొంభై సెంటీమీటర్లు. అంత ఉన్నవీ, అంతకంటే చిన్నవీ ఏవి కదిలినా వదిలేయమని రెండో మీట సరిచేసింది. కెమెరా వెంటనే శాంతించింది. ఆ పూట ఆమెకు కొంచెం ఆకలి కూడా వేసింది.

శనివారమంతా పరీక్ష. తాను ఇంట్లో లేనట్టే అనుకుని ఆమె ప్రతి అరగంటకూ వరండాలోకి వచ్చి కెమెరా పనిచేస్తోందో లేదో చూసింది. వచ్చినప్పుడల్లా అది తిరుగుతూనే ఉంది. అత్తగారు మధ్యలో ఒకసారి, "గేటు దగ్గర వీడేదో పని పెట్టుకున్నాడమ్మాయ్" అంది. "కెమెరా చూస్తోందిగా అత్తయ్యా" అని ఆమె ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆదివారం సాయంత్రం బాబాయి వచ్చి, అత్తగారి పక్కన చతికిలబడి ముందురోజు రికార్డు తెరిచాడు. నలభై ఒక్క వీడియో ముక్కలున్నాయి. మొదటి దాంట్లో ఆమె వరండాలోకి వస్తోంది. రెండో దాంట్లో ఆమె లోపలికి వెళ్తోంది. మూడో దాంట్లో ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని కెమెరానే చూస్తోంది. అలా ముప్పై ఎనిమిదింటిలో ఆమే. మిగతా మూడింటిలో అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేస్తోంది.

"సినిమా బాగుంది. హీరో ఎక్కడ?" అన్నాడు బాబాయి.

ఆమె రెండో మీట చూపించింది. తువ్వాలు సంగతి, కొలత సంగతి, అన్నీ వరసగా చెప్పింది. ఆయన అంతా విని, టేపు తీసి బుడంకాయని గోడకు నిలబెట్టాడు. డెబ్భై తొమ్మిది సెంటీమీటర్లు.

"వీడు తువ్వాలు కంటే పొట్టివాడమ్మా."

ఆమె మెడ దాకా ఎర్రబడింది. "లెక్క వేశాను బాబాయ్ గారూ."

"వేశారు. నడిచి చూశారా?"

నడవలేదు. అప్పుడు ఎరుపు పోయి చలి పట్టుకుంది. అయితే శనివారమంతా వాడేం చేశాడు? ఆమె గబగబా ఒక్కో ముక్కా వెనక్కి జరిపింది. తాను నడుస్తున్న ఒక బొమ్మలో, అంచున, గేటు మొదట్లో చిన్న పాదం కనిపించింది. అరగంట తర్వాతి ముక్కలోనూ అదే పాదం, అక్కడే ఉంది.

"కదలకుండా అంతసేపు ఏం చేస్తాడు?"

"కదలకుండా ఉన్నాడంటే పనిలో ఉన్నాడన్నమాట" అంటూ బాబాయి మోకాళ్ళ మీదికి వంగాడు. వరండా దిగి, వాకిలి మీదుగా, బిడ్డ ఎత్తున తల పెట్టుకుని పాకుతూ గేటు దాకా వెళ్ళాడు. ఇదీ ఒక ఆట అనుకుని బుడంకాయ ఆయన వెనకే పాకాడు. గేటు కింద ఆయన ఆగిపోయాడు. "ఇటు రండమ్మా. నిలబడి కాదు, ఇలా రండి."

ఆమె కూడా మోకాళ్ళ మీద వెళ్ళింది. గేటుకు ఒకటే గడియ, నేలకు రెండు జానల ఎత్తున. రోజూ వంగి చేత్తో తడిమి తీయడమే తప్ప, నిలబడి చూసే మనిషికి అది కమ్మీల చాటున కనిపించదు. ఇక్కడి నుంచి చూస్తే సరిగ్గా కళ్ళ ఎదురుగా, వేళ్ళకు అందేట్టు ఉంది. తుప్పు మీద పక్కకు కొత్త గీతలు పడి ఉన్నాయి. లోపలికొస్తూ బాబాయి పూర్తిగా వేసిన గడియ, వాళ్ళు వీడియోలు చూసేలోపే సగానికి పైగా జరిగి ఉంది. పూర్తిగా తీయడానికి ఇంకో శనివారం పట్టేది కాదు.

ఆమె వేలితో ఆ గీతల్ని తడిమింది. బుడంకాయ మాత్రం తన పని చూపించే అవకాశం దొరికినందుకు సంతోషించి, గడియ పట్టుకుని ఇంకాస్త జరిపాడు.

బాబాయి గడియ ఊడదీసి గేటు పైకొసకు బిగించాడు. బిగిస్తూ తన కూతురి సంగతి చెప్పాడు. ఇంతే వయసప్పుడు పిల్ల కనబడలేదట. మేడ దిగి నాలుగు వీధులు పరిగెత్తాడు, బస్టాండు దాకా వెళ్ళి వచ్చాడు. తిరిగొచ్చి చూస్తే పిల్ల ఇంట్లోనే యాంటెన్నా అట్టపెట్టెలో గుర్రుపెట్టి నిద్రపోతోంది. "దాని కోసం కదిలిన కాళ్ళన్నీ నావే. అది జానెడు కూడా కదల్లేదు. ఇప్పుడు బస్సు నడుపుతోంది, ఇంట్లో ఒక్క క్షణం నిలవదు."

తర్వాత కెమెరా మీటలు రెండూ మొదట ఉన్న చోటికి జరిపి, తువ్వాళ్ళ తీగను పెరట్లోకి మార్చి, ఇంకోసారి బుడంకాయ నడక నడిచాడు. కెమెరా తిరిగింది. ఈసారి బుడంకాయ కూడా పక్కనే నడిచాడు. కెమెరా ఎవరి వెంట పోవాలో తేల్చుకోలేక కాసేపు తటపటాయించి, చివరికి వాణ్ణే పట్టుకుంది.

"రేపు వెళ్ళనా బాబాయ్ గారూ?" ఆమె అడిగింది.

"వెళ్ళండి. అక్క ఉంది, కెమెరా ఉంది, గడియ పైన ఉంది. ఒక్కటే చెబుతా. రోజూ బయల్దేరే ముందు ఒకసారి మోకాళ్ళ మీద ఇల్లంతా తిరిగి రండి. వాడి ఎత్తు నుంచి ఏం కనిపిస్తే అది సర్దండి. వాడు పెరిగేకొద్దీ మీరూ కాస్త కాస్త లేవండి. ఫోన్ మాత్రం మధ్యాహ్నం ఒక్కసారి చూసి బ్యాగులో పడేయండి."

సోమవారం ల్యాబులో పక్క బల్ల ఆవిడ ఆమె సల్వార్ మీద మోకాళ్ళ దగ్గర రెండు గుండ్రటి దుమ్ము మచ్చలు చూసి, ఎక్కడైనా పడ్డావా అని అడిగింది. పడలేదంది. మంగళవారం మళ్ళీ అడిగింది. ఇప్పుడు ఎవరూ అడగరు. ఆమె పొద్దున్నే ఇల్లంతా పాకుతూ తిరిగి, మంచం కింద దొరికిన బొత్తాలు అత్తగారి చేతిలో పెట్టి, మోకాళ్ళు దులుపుకుని బస్సెక్కుతుంది.